సెకండ్ హ్యాండ్ గేమ్ కన్సోల్‌కు పట్టిన సిగరెట్ కంపును వదిలించే పద్ధతి

పొగాకు వాసన గుంటూరు వాళ్లకు కొత్తేమీ కాదు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డుకు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది; ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో పండిన వర్జీనియా ఆకు వాసనను ఇక్కడ చాలామంది ఇష్టంగానే పీల్చుకుంటారు. అయితే తలుపులు మూసిన గదిలో ఏళ్ల తరబడి కాల్చిన సిగరెట్ల పొగ ఒక యంత్రం కడుపులో చేరి మగ్గితే వచ్చే వాసన దీనికి ఏ మాత్రం చుట్టం కాదు. విజయవాడలో ఒకరి దగ్గర కొన్న పాత పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కన్సోల్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని బ్రాడీపేట తెచ్చుకున్న రోజున సంచిలో నుంచి కాస్త కంపు వస్తుంటే, అది పక్క సీటాయనదనుకుని ఊరుకున్నాను. ఇంటికి వచ్చి టీవీకి కలిపి అరగంట ఆడేసరికి, హాల్లో ఎవరో అప్పుడే ఒక పెట్టె ఖాళీ చేసి లేచి వెళ్లినట్లయింది.

మొదట నేను చేసింది అందరూ చెప్పే చిట్కాయే. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో కన్సోల్‌ను, దాని పక్కన ఒక గిన్నెలో వంట సోడాను పెట్టి, మూత బిగించి పది రోజులు వదిలేశాను. పదకొండో రోజున ముక్కు ఆనించి చూస్తే వాసన లేదు. ఆన్ చేసిన ఇరవై నిమిషాలకు మొత్తం తిరిగి వచ్చింది. ఆ రోజున స్క్రూ డ్రైవర్ కొనుక్కొచ్చి విప్పి చూసిన తరువాత తెలిసిన సంగతులే ఈ మార్గదర్శికి ఆధారం.

కంపు ఎక్కడ ఉంటుంది

సిగరెట్ పొగ గాలిలో కలిసి మాయమయ్యే వాయువు మాత్రమే కాదు. అందులోని తారు, నికోటిన్ అతి సన్నని తుంపరలుగా తేలుతూ, తగిలిన ప్రతి చోటా పలుచని జిడ్డుగా అంటుకుంటాయి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు పట్టే నూనె జిడ్డును ఒక్కసారైనా తుడిచిన వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు; పొగ పట్టిన కన్సోల్ లోపల జరిగేదీ అదే. కన్సోల్‌లోని ఫ్యాను ఆడినంత సేపూ గదిలోని గాలిని లోపలికి లాగి, వేడెక్కిన లోహపు రేకుల మధ్య నుంచి వెనకకు నెడుతుంది కాబట్టి, ఆ గదిలోని సోఫా, కర్టెన్ల కన్నా ఎక్కువ పొగ దాని గుండా నడిచి ఉంటుంది. జిడ్డు మీద దుమ్ము వాలుతుంది, ఆ దుమ్ము మీద మళ్లీ జిడ్డు పడుతుంది. క్రమంగా అది మామూలు దుమ్ములా ఊదితే ఎగిరిపోకుండా, గోధుమ రంగు పొరలా రేకుల సందులను మూసేస్తుంది. గాలి ఆడక యంత్రం వేడెక్కుతుంది, ఫ్యాను మరింత గట్టిగా తిరుగుతుంది. అందువల్ల ఈ శుభ్రత ముక్కు కోసమే కాక, యంత్రం ఆయుష్షు కోసం కూడా.

చల్లగా ఉన్నప్పుడు ఆ జిడ్డు గమ్మున పడి ఉంటుంది. వేడి తగలగానే అందులో ఆవిరయ్యే పదార్థాలు గాలిలోకి లేస్తాయి. నా వంట సోడా ప్రయోగం విఫలమైంది ఇందుకే: డబ్బాలో ఉన్నంత కాలం కన్సోల్ చల్లగానే ఉంది, వాసనకు మూలమైన జిడ్డు ఒక్క మిల్లీగ్రాము కూడా కదలలేదు. కాబట్టి ముందు జిడ్డును కరిగించి తీసివేయాలి, ఆ తరువాత మిగిలిన కొద్ది వాసనను పీల్పించాలి. ఈ వరుస తిరగబడితే ఎన్ని రోజులు పెట్టినా ఫలితం ఉండదు. అగరుబత్తి, సాంబ్రాణి, సెంటు స్ప్రే వంటివి మరీ అనవసరం. అవి పాత జిడ్డు మీద కొత్త జిడ్డు వేస్తాయి. వాసన పోగొట్టడానికి అద్దెకిచ్చే ఓజోన్ యంత్రాలను కూడా నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఓజోన్ ఊపిరితిత్తులకు హానికరం, రబ్బరు భాగాలను పగుళ్లు వారేలా చేస్తుంది.

కొనే ముందు చూడవలసినవి

అమ్మేవారి ఇంట్లో కన్సోల్‌ను కనీసం అరగంట ఆన్‌లో ఉంచి, వెనక గాలి వచ్చే చోట ముక్కు పెట్టి చూడాలి. ఆ గదిలో పది నిమిషాలు కూర్చుంటే మన ముక్కు అక్కడి వాసనకు అలవాటు పడిపోతుంది కాబట్టి, ఒకసారి వీధిలోకి వెళ్లి వచ్చి చూడటం మంచిది. (మిర్చి యార్డు పక్క నుంచి వచ్చిన వెంటనే ఈ పరీక్షకు పూనుకోవద్దు, ఆ ఘాటు తగిలిన ముక్కుకు కాసేపు ఇంకేదీ తెలియదు.) రెండో పరీక్ష ఇంకా నమ్మదగినది. గాలి రంధ్రాల అంచున తడి చేసిన ఇయర్ బడ్‌ను ఒకసారి రుద్దితే, మామూలు దుమ్మయితే బూడిద రంగు వస్తుంది, పొగ జిడ్డయితే టీ డికాక్షన్ రంగు వస్తుంది. ఆ బడ్‌ను అమ్మేవారికి చూపించి ధర మాట్లాడవచ్చు.

తెల్లని కన్సోళ్ల విషయంలో ఒక తేడా గమనించాలి. పసుపు రంగు పొగ వల్ల వచ్చిందయితే స్పిరిట్ తడిపిన దూదికి అంటుకుని వదులుతుంది. ఎన్నిసార్లు తుడిచినా దూది తెల్లగానే ఉండి ప్లాస్టిక్ పచ్చగానే ఉంటే, అది ఎండ వల్ల, కాలం వల్ల ఆ ప్లాస్టిక్‌లోనే వచ్చిన మార్పు. ఆ పసుపుకు వాసన ఉండదు, ఈ పద్ధతితో అది పోదు.

కావలసిన సరంజామా

అన్నిటికన్నా ముఖ్యం 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. 70 శాతం రకంలో మిగిలిన 30 శాతం నీరే కాబట్టి దాన్ని పై ప్లాస్టిక్‌కు వాడవచ్చు గాని, సర్క్యూట్ బోర్డుకు 99 శాతందే వాడాలి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో కొన్నిసార్లు ఇతర నూనెలు కలుపుతారు, అవి ఆరిన తరువాత మరకగా మిగులుతాయి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ అసలు పనికిరాదు, అందులో గ్లిజరిన్, చిక్కదనం కోసం కలిపే పదార్థాలు ఉంటాయి. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్‌ను, పెయింట్ థిన్నర్‌ను దగ్గరికి కూడా రానివ్వకూడదు. కన్సోళ్లకు ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌ను అవి కరిగించేస్తాయి.

దీనితో పాటు గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్ బ్రష్ ఒకటి, మెత్తని పెయింట్ బ్రష్ ఒకటి, ఇయర్ బడ్స్ ఒక డబ్బా, మైక్రోఫైబర్ గుడ్డలు, తెల్ల వెనిగర్, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి చేర్చే ముద్ద) గొట్టం, పలుచని చేతి తొడుగులు, మాస్క్ ఉంటే చాలు. స్క్రూ డ్రైవర్లు మాత్రం యంత్రాన్ని బట్టి కొనాలి. పీఎస్4కు ఆరు కోణాల నక్షత్రం మధ్యలో చిన్న రంధ్రం ఉండే సెక్యూరిటీ టార్క్స్ బిట్ కావాలి, సాధారణంగా టీ8 గాని టీ9 గాని సరిపోతుంది. నింటెండో స్విచ్‌కు మూడు రెక్కల వై ఆకారపు బిట్ కావాలి. పాత నింటెండో క్యాసెట్లకు 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్, సూపర్ నింటెండో, నింటెండో 64 వంటి కన్సోళ్లకు 4.5 మిల్లీమీటర్లది పడుతుంది. అన్ని బిట్లూ కలిపి ఒకే పెట్టెలో వచ్చే సెట్టు కొనుక్కోవడమే లాభం. సరిపడని స్క్రూ డ్రైవర్‌తో తల అరిగిన స్క్రూను తీయడం కన్నా విసుగు పుట్టించే పని ఇంకొకటి లేదు.

ఐపీఏ ఆవిరి సులువుగా మంటనంటుకుంటుంది. అందుచేత ఈ పనిని వంటింట్లోను, దీపం వెలుగుతున్న పూజ గదికి దగ్గరలోను పెట్టుకోకూడదు. గాలి ఆడే వసారా గాని, మేడ మీద నీడ గాని అనువైన చోటు. లోపలి దుమ్ములో నికోటిన్ ఉంటుంది కాబట్టి చిన్న పిల్లలను దూరంగా ఉంచాలి, మాస్క్, చేతి తొడుగులు పని పూర్తయ్యేదాకా తీయకూడదు.

విప్పడం

ముందుగా గేమ్ సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి గాని, ఆన్‌లైన్ ఖాతాలోకి గాని మార్చుకోవాలి. తరువాత ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని, మరో అరగంట అలాగే వదిలేయాలి.

పాత మందపాటి పీఎస్4లో వెనక వైపు స్టిక్కర్ల కింద స్క్రూలు దాగి ఉంటాయి. ఇతర నమూనాల్లో అమరిక వేరుగా ఉంటుంది కాబట్టి, మీ నమూనా సంఖ్యతో ఒక వీడియో చూసి మొదలుపెట్టడం మేలు. ప్రతి దశలోనూ ఫోనుతో ఒక ఫొటో తీసుకోవాలి. స్క్రూల పొడవులు ఒకదానికొకటి తేడాగా ఉంటాయి. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే అది కిందనున్న బోర్డులోకి దిగవచ్చు. నేను వాటిని పెట్టడానికి ఇడ్లీ రేకు వాడాను. ఒక్కో గుంట ఒక్కో పొర స్క్రూలకు: మొదటి గుంటలో పై మూతవి, రెండో గుంటలో పవర్ సప్లైవి, మూడో దానిలో లోహపు పలకవి. మర్నాడు ఉదయం టిఫిన్‌కు రేకు కావలసి వచ్చినప్పుడు ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయడం అనవసరం. రేకు మీ సొంతానికి ఒకటి విడిగా కొనుక్కోండి.

సన్నని పట్టీ తీగలను పీకేటప్పుడు తీగను లాగకుండా, సాకెట్ మీది గడియను గోటితో ఎత్తిన తరువాతే బయటికి తీయాలి. డిస్క్ డ్రైవ్ బోర్డును ఎక్కడా పోగొట్టవద్దు, పాడుచేయవద్దు. పీఎస్4లో ఆ బోర్డు మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది, వేరే కన్సోల్ నుంచి తెచ్చి పెడితే డిస్కులు చదవదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. పవర్ సప్లై డబ్బాను పొరపాటున కూడా తెరవకూడదు. మన 230 వోల్టుల కరెంటును అది లోపల 300 వోల్టులకు పైబడిన డీసీగా మార్చి కెపాసిటర్లలో దాచుకుంటుంది, ప్లగ్గు తీసినా ఆ నిల్వ కొంతసేపు ఉంటుంది. దాన్ని మొత్తంగా ఒకే ముక్కగా బయటికి తీసి పక్కన పెట్టాలి. పీఎస్5 ఉన్నవారు హీట్‌సింక్‌ను (చిప్ వేడిని లాక్కునే లోహపు రేకుల భాగాన్ని) విప్పే ఆలోచనే మానుకోవాలి, ఎందుకంటే అందులో పేస్టుకు బదులు ద్రవ లోహం వాడారు. అది కారి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. ఆ యంత్రంలో పక్క పలకలు తీసి, ఫ్యాను, దుమ్ము గుంటలు శుభ్రం చేయడంతో ఆగడం తెలివైన పని.

నీళ్లలో ముంచదగినవి

పై మూత, కింది మూత, పక్క పలకలు వంటి ఉత్త ప్లాస్టిక్ భాగాలను విడదీసి, వాటికి తీగలు, స్పీకర్లు, యాంటెన్నా ముక్కలు ఏవీ అంటుకుని లేవని రూఢి చేసుకోవాలి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి, పదిహేను ఇరవై నిమిషాలు నానబెట్టి, గాలి రంధ్రాల సందులను టూత్ బ్రష్‌తో తోమాలి. నా కన్సోల్‌కు మొదటి బకెట్టు నీళ్లు పలుచని కాఫీ రంగులోకి మారాయి. మూడో బకెట్టుకు గాని తేటపడలేదు. నీరు తేటపడేదాకా మార్చడమే ఈ దశకు కొలత.

ఆ తరువాత కూడా ముక్కుకు తెలిస్తే ఒక వంతు వెనిగర్, మూడు వంతుల నీరు కలిపి తుడిచి, మంచినీళ్లతో కడిగేయాలి. నికోటిన్ క్షార స్వభావం గలది. వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని గాలిలోకి లేవని లవణంగా మారుస్తుంది, ఆ లవణం నీటితో కొట్టుకుపోతుంది. వంట సోడాకు ఈ గుణం లేదు, అది కూడా క్షారమే. చిట్కాలన్నిటిలో వంట సోడాకు ఉన్నంత పేరు వెనిగర్‌కు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మెరిసే నలుపు భాగాలను గరుకు పీచుతో తోమితే గీతలు పడి, వెలుతురులో ప్రతి గీతా కనబడుతుంది. తెల్లని మెలమైన్ స్పాంజి చూడటానికి మెత్తగా ఉన్నా నిజానికి అది అతి సన్నని గరుకు కాగితం వంటిదే; గరుకు ఉపరితలాలకు మాత్రమే వాడాలి. ఆరబెట్టడం నీడపట్టునే జరగాలి. రోహిణీ కార్తెలో మేడ మీద ఎండకు పెడితే గంటలో ఆరుతుందన్నది నిజమే గాని, వంకర తిరిగిన మూత మళ్లీ కూర్చోదు. ఎండాకాలంలో ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఫ్యాను కింద వదిలేస్తే సరిపోతుంది.

నీళ్లు తగలకూడనివి

అసలు పని ఇక్కడ ఉంది. కంపులో పెద్ద వాటా ఫ్యానుది, హీట్‌సింక్‌ది.

ఫ్యానును విడిగా తీసి, ముందు మెత్తని బ్రష్‌తో వదులు దుమ్ము దులపాలి. బ్లోయర్ వాడేవారు రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది అతి వేగంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, బోర్డుకు కలిపి ఉన్నప్పుడయితే ఎదురు కరెంటు కూడా పుట్టవచ్చు. తరువాత ఇయర్ బడ్‌ను ఐపీఏలో ముంచి, పిండి, రెక్క తరువాత రెక్కగా రెండు వైపులా తుడవాలి. నేను మొదటి రెక్కను తుడిచినప్పుడు బడ్ కొసన తేనె వంటి గోధుమ రంగు జిగురు సాగుతూ వచ్చింది. ఐపీఏ తగిలిన రెండు మూడు సెకన్ల పాటు ఆ జిడ్డు కదలలేదు, తరువాత అంచుల్లో మెత్తబడి ఒక్కసారిగా పొరలా ఊడింది, దాని కింద అసలు నలుపు రంగు బయటపడింది. అప్పటిదాకా ఆ ఫ్యాను రంగే గోధుమ అనుకున్నాను. తుడవడంలో తొందరపడి రుద్దవద్దు. తడిపి, నాలుగు లెక్కపెట్టి, అప్పుడు తుడిస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఒకే బడ్‌ను రెండు రెక్కలకు వాడితే మొదటి దాని జిడ్డును రెండో దానికి పూసినట్లే. నాకు ఈ ఒక్క ఫ్యానుకే నలభై పైచిలుకు బడ్స్ పట్టాయి. మధ్యనున్న మోటారులోకి ద్రవం కారకుండా చూసుకోవాలి.

హీట్‌సింక్ విప్పదలచుకుంటే కొత్త థర్మల్ పేస్ట్ వేయక తప్పదు, ఆ సంగతి గుర్తుంచుకుని మొదలుపెట్టాలి. విడిగా బయటికి వచ్చిన లోహపు భాగాన్ని సబ్బు నీళ్లలో కడిగి, చివర ఐపీఏతో తుడిచి ఆరబెట్టవచ్చు. దానికి వాషింగ్ సోడా గాని, డ్రైనేజీ శుభ్రం చేసే పొడి గాని వాడితే అల్యూమినియం రేకులను తినేస్తుంది. రాగి గొట్టాలను చూసి రాగి చెంబును తోమినట్లు చింతపండు పెట్టి తళతళలాడించాలన్న కోరిక కలగడం సహజమే. ఆ పులుపు రేకుల సందుల్లో మిగిలి తరువాత లోహాన్ని తింటుంది కాబట్టి కోరికను అణచుకోవాలి.

మదర్‌బోర్డును ముట్టుకునే ముందు ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి నేలకు కలిసిన లోహాన్ని తాకాలి, సిల్కు, పాలిస్టర్ బట్టలు వేసుకుని ఈ పనికి కూర్చోకూడదు. గుండ్రని చిన్న బ్యాటరీని తీసి, 99 శాతం ఐపీఏలో ముంచిన మెత్తని బ్రష్‌తో ఒకే దిశలో సుతారంగా తుడుస్తూ, కిందికి కారిన మురికిని గుడ్డకు పీల్పించాలి. చిప్‌ల మీద అంటించి ఉండే మెత్తని థర్మల్ ప్యాడ్ల జోలికి పోవద్దు. హార్డ్ డిస్క్ మూతకు గాలి పీల్చే సన్నని రంధ్రం ఉంటుంది, దానిమీద తడి పడకూడదు. పై రేకును పొడిగా తుడిస్తే చాలు. డిస్క్ డ్రైవ్‌లోని లెన్సును మాత్రం కొత్త బడ్‌తో, ఒక్క చుక్క ఐపీఏతో, పువ్వును తాకినంత మెల్లగా ఒకసారి తుడిచి వదిలేయాలి.

పవర్ సప్లైని తెరవలేము కాబట్టి దాని బయటి రంధ్రాలను పొడి బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేసి, పై ముఖాన్ని ఐపీఏ గుడ్డతో తుడవాలి. చివరిదాకా కొద్దిగా కంపు మిగిలితే అది ఇక్కడి నుంచే వస్తుంది.

కంట్రోలర్లు

ఫ్యాను లేకపోయినా కంట్రోలర్‌కు పొగ చేతి వేళ్ల నుంచి పడుతుంది, చెమటతో కలిసి బటన్ల చుట్టూ గట్టిపడుతుంది. పీఎస్4 కంట్రోలర్ వెనక నాలుగు చిన్న ప్లస్ స్క్రూలు ఉంటాయి. విప్పిన వెంటనే బ్యాటరీ తీగను పీకేయాలి. పై చిప్పలను, బటన్లను సబ్బు నీళ్లలో వేయవచ్చు; బటన్ల కింద ఉండే రబ్బరు తొడుగులను సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. బొటనవేలు పెట్టే కర్రల అడుగు భాగాన్ని ద్రవంలో నానబెట్టకూడదు. పట్టు కోసం రబ్బరు పూత వేసిన కంట్రోలర్లకు ఐపీఏ తగిలితే ఆ పూత జిగురుగా మారిపోతుంది కనుక, కనబడని మూల ఒకచోట పరీక్షించి చూడాలి. హెడ్‌సెట్ చెవి దూదులు, స్పాంజి ముక్కలు, గుడ్డ సంచులు ఉంటే వాటిని రక్షించే ప్రయత్నం దండగ. సంచిని ఉతకండి, స్పాంజిని మార్చండి.

డిస్కులు, క్యాసెట్లు, కాగితాలు

డిస్కును సబ్బు నీటి చుక్కతో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య రంధ్రం నుంచి అంచు వైపుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రంగా పడిన గీత సమాచారపు వరుస వెంట పోతుంది కాబట్టి లేజర్ దాన్ని దాటలేదు. అడ్డంగా పడిన గీతను చాలా వరకు దాటగలదు. బ్లూ రే డిస్కులో సమాచారపు పొర చదివే ముఖానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. సీడీలో అది బొమ్మ అచ్చువేసిన వైపున, పలుచని పూత కింద ఉంటుంది. పీఎస్1 కాలపు డిస్కుల్లో బొమ్మ ఉన్న ముఖాన్నే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

డిస్కు పెట్టెలోని కాగితపు కవరును బయటికి లాగి, ఖాళీ పెట్టెను గిన్నెలతో పాటే తోమవచ్చు.

తొంభైల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ ఆడిన వాళ్లందరికీ క్యాసెట్ పని చేయకపోతే నోటితో ఊది పెట్టడం అలవాటు. ఆ ఉమ్మి తడి కాంటాక్టులను తుప్పు పట్టిస్తుందే తప్ప బాగుచేయదు. క్యాసెట్‌ను విప్పి, బోర్డు అంచున ఉన్న బంగారు రంగు పట్టీలను ఐపీఏ బడ్‌తో పొడవు దిశలో తుడవాలి. బోర్డుకు, చిప్ప లోపలి ముఖానికి ఐపీఏ వాడవచ్చు గాని, పైనున్న స్టిక్కర్‌కు వాడకూడదు. ఈ ముక్క నేను నేర్చుకున్నది ఒక నకిలీ మారియో క్యాసెట్ దగ్గర. తుడిచిన చోట మారియో టోపీ ఎరుపు మొత్తం దూదిలోకి వచ్చేసింది, మొహం మిగిలింది. స్విచ్ కార్డులను తుడిచిన చేత్తో నోరు ముట్టుకోవద్దు: పిల్లలు మింగకుండా వాటికి డెనటోనియం బెంజోయేట్ అనే భయంకరమైన చేదు పూస్తారు.

కాగితాలు, మాన్యువల్‌లు, అట్టపెట్టెలు అన్నిటికన్నా మొండివి, ఎందుకంటే వాటిని తడపలేము. వాటి విషయంలో మాత్రం వంట సోడాకు కొంత పని ఉంది. మూత గట్టిగా పడే డబ్బాలో అడుగున సోడా పళ్లెం, దానికి తగలకుండా పైన జల్లెడ, ఆ జల్లెడ మీద పేజీలు విచ్చుకునేలా నిలబెట్టిన పుస్తకాలు ఉంచి, రెండు వారాలు వదిలేసి, మధ్యలో ఒకసారి సోడా మార్చాలి. వానాకాలంలో తేమ పీల్చుకునే సిలికా పొట్లాలు కూడా వేయకపోతే కంపు పోయి బూజు వస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వేయడం మన ఇళ్లలో మామూలే అయినా, అవి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి, పైగా వాటి వాసనను వదిలించడానికి ఇంకో మార్గదర్శి రాయవలసి వస్తుంది.

బొగ్గు డబ్బా

జిడ్డు పోయిన తరువాతే దీని వంతు వస్తుంది. కావలసింది పొయ్యి బొగ్గు కాదు, యాక్టివేటెడ్ కార్బన్. అక్వేరియం సామాన్ల దుకాణాల్లో నీటి ఫిల్టరు కోసం నల్లని గింజలుగా అమ్ముతారు. దాన్ని కొబ్బరి చిప్పల నుంచి కూడా తయారుచేస్తారు. ఒక్క గ్రాము గింజల లోపలి సూక్ష్మ రంధ్రాల గోడలన్నీ పరిస్తే 500 చదరపు మీటర్లకు పైగా వస్తుంది కనుకనే అది వాసన అణువులను అంతగా పట్టి ఉంచగలదు. మూడు నాలుగు వందల గ్రాములను పాత నూలు పంచె ముక్కల్లో చిన్న మూటలుగా కట్టి, కన్సోల్‌తో పాటు మూత పడే డబ్బాలో చుట్టూ పెట్టాలి. గింజల పొడి లోపలికి పోకుండా మూట గుడ్డ రెండు పొరలుండాలి. వంట సోడాను గాని, బొగ్గు పొడిని గాని కన్సోల్ లోపల చల్లమని ఎవరైనా చెబితే వినవద్దు. ఫ్యాను దాన్ని ప్రతి సందులోకీ నింపుతుంది, గాలిలో తేమ తగిలితే అది లోహాన్ని తింటుంది.

ఇక్కడే నా తొలి ప్రయత్నంలోని లోపాన్ని సరిచేయవచ్చు. డబ్బాలో వరుసగా పది రోజులు వదిలేసే బదులు, మూడు రోజులకొకసారి కన్సోల్‌ను బయటికి తీసి, కిటికీలు తెరిచిన గదిలో గంట సేపు నడిపి, పూర్తిగా చల్లారిన తరువాత తిరిగి డబ్బాలో పెట్టాలి. నడిపినప్పుడు పుట్టే వేడికి దాగి ఉన్న వాసన బయటపడుతుంది, గాలికి కొంత పోతుంది, మిగిలింది బొగ్గుకు చేరుతుంది. కన్సోల్ నడుస్తుండగా మాత్రం డబ్బా మూత పెట్టకూడదు.

బిగించి చూడటం

భాగాలు తడి ఆరాయని అనిపించాక ఇంకో రోజు ఆగి బిగించాలి. ప్రాసెసర్ మీద పాత థర్మల్ పేస్ట్‌ను ఐపీఏతో పూర్తిగా తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టి పలుచగా పరచాలి. స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగిస్తే హీట్‌సింక్ ఒక పక్కకు ఒరగదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడాలి. వినబడకపోతే వెంటనే ఆపి దాని తీగ సాకెట్‌లో పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి.

నా పీఎస్4 మొదటి పరీక్షలో వెనక నుంచి నూటికి తొంభై పాళ్లు మామూలు గాలే వచ్చింది. బొగ్గు డబ్బాలో మూడు విడతలు గడిచాక, ఎవరికీ చెప్పకుండా హాల్లో రెండు గంటలు నడిపాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పటికీ ఎండాకాలం మధ్యాహ్నాల్లో, కరెంటు పోయి వచ్చిన తరువాత మళ్లీ ఆన్ చేస్తే, పవర్ సప్లై ఉన్న మూల దగ్గర ముక్కు ఆనించినప్పుడు లీలగా తెలుస్తుంది. అంత మాత్రం కూడా ఉండకూడదనుకునే వారు అదే నమూనాకు సరిపోయే వేరే పవర్ సప్లైని, పొగ తాగని ఇంటి నుంచి వచ్చినదని తెలిస్తే, మొత్తంగా మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు పాత దాని మీద, కొత్త దాని మీద ఉన్న పార్ట్ నంబర్లు, పిన్నుల సంఖ్య ఒకటేనని సరిచూసుకోవాలి; పీఎస్4 నమూనాలను బట్టి నాలుగు పిన్నులవీ, అయిదు పిన్నులవీ ఉన్నాయి, ఒకదాని చోట ఇంకొకటి కుదరదు.